ఏటీఆర్ మీద ఆవుని తోలుకెళ్ళేవారికి చిట్కాలు

విదేశాల్లో గుర్రాలున్నవాళ్ళు కారు వెనక ట్రైలర్ తగిలించుకుని రాష్ట్రాలు దాటిపోతారు. మన మలక్‌పేట పందేల గుర్రాలు బెంగళూరుకో చెన్నైకో పోవాలన్నా ప్రత్యేకంగా కట్టించిన వ్యాన్లుంటాయి. అండమాన్‌లో ఆ వైభోగం లేదు. పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఉన్న అక్క తన ఆవుని డిగ్లీపూర్‌లో ఉన్న చెల్లెలికి ఇవ్వాలంటే దొరికేది నిన్నటిదాకా కూరగాయలో సిమెంటో మోసిన పికప్పే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మందికి పైగా తెలుగువాళ్ళం. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల్లో పెరట్లో ఒక ఆవో నాలుగు మేకలో ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. పెళ్ళికో, పంపకానికో, బదిలీకో ఎప్పుడో ఒకప్పుడు వాటిని బండెక్కించాల్సి వస్తుంది.

పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. ఇళ్ళల్లో మాత్రం ఇంకా పాత పేరే నలుగుతోంది కాబట్టి ఇక్కడా అదే వాడుతున్నాను. అక్కడినుంచి డిగ్లీపూర్ దాకా పోయేది అండమాన్ ట్రంక్ రోడ్, అందరి నోట్లో ఏటీఆర్. మూడొందల పైచిలుకు కిలోమీటర్లు. రోడ్డు ఒక్కటే కాబట్టి ఎటు పోవాలన్న బెంగ లేదు. ఎక్కడ ఆగనివ్వరు, ఎక్కడ ఆగక తప్పదు, ఎక్కడ పాలు పిండాలి అన్న మూడూ తేలితే ప్రయాణం సగం కుదిరినట్టే.

1. అసలు తోలుకెళ్ళాలా అన్నది ముందు తేల్చుకోండి. ఆంబోతుతో దాటించడం కోసమో మంచి జాతి దూడ కోసమో అయితే ఆవుని ఇంత దూరం తిప్పక్కర్లేదు, పశువైద్యశాలలో కృత్రిమ గర్భధారణ చేయిస్తారు. అమ్మకానికైతే ఇక్కడ అమ్మి అక్కడ కొనుక్కోవడం చాలాసార్లు చవక. డిగ్లీపూర్ వైపు వరి పండుతుంది, గడ్డి దొరుకుతుంది, పశువులూ ఉన్నాయి. మీ ఆవు మీకు ముద్దు కాబట్టి తీసుకెళ్తున్నామంటే అదీ సరైన కారణమే. అప్పుడు కింది చిట్కాలు చదవండి.

2. పాడి లెక్క చూసి తేదీ పెట్టండి. వట్టిపోయిన ఆవు ప్రయాణానికి అన్నిటికంటే సులువు. చూడి నిండిన ఆవుని కదపకండి. దారిలో ఈనే అవకాశమున్న పశువుని, ఈని 72 గంటలు దాటని పశువుని బండెక్కించకూడదని జంతు రవాణా నియమాలే చెబుతున్నాయి. కుంటుతున్నదీ, జ్వరంగా ఉన్నదీ, బాగా చిక్కిపోయినదీ అంతే. ఈని రెండు నెలలైన ఆవు కావాలన్నంత పాలిస్తుంది కానీ దారి పొడవునా పొదుగు సలుపుతుంది. పాడి తగ్గుముఖం పట్టాక వచ్చే నెలలు చూసుకుంటే మీకూ దానికీ సుఖం.

3. కాగితాలు ఒకే ప్లాస్టిక్ సంచిలో పెట్టి డ్యాష్‌బోర్డ్ మీద ఉంచండి. పశువు ప్రయాణానికి తగిన స్థితిలో ఉందని పశువైద్యుడు ఇచ్చిన పత్రం, గాలికుంటు టీకా వేయించిన రుజువు, చెవి పోగు మీదున్న పన్నెండు అంకెల నంబరు, కొన్న ఆవైతే ఖరీదు చీటీ, బండి ఆర్‌సీ, ఇన్సూరెన్స్, డ్రైవర్ లైసెన్స్, బండిలో ఉన్న ప్రతి మనిషికీ గుర్తింపు కార్డు. జారవా ఆదివాసుల రిజర్వ్ మొదట్లో ఉన్న జిర్కటాంగ్ చెక్‌పోస్ట్ దగ్గర బండి నంబరూ మనుషుల పేర్లూ రాసిచ్చేది ఎలాగూ ఉంటుంది. పత్రం కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడే రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ పశువైద్యశాలల ఫోన్ నంబర్లు అడిగి రాయించుకోండి. కాగితం మీద రాసుకోండి. సముద్రం కింద కేబుల్ వేసి 2020లో ఇంటర్నెట్ తెచ్చారన్న మాట నిజమే, అడవి మధ్యలో మాత్రం ఫోన్‌లో గీత కనపడదు. ఆవుకి పాలసీ ఉంటే ప్రయాణంలో జరిగిన నష్టానికి వర్తిస్తుందో లేదో ఏజెంటుని ముందే అడగండి.

4. దారిని చివరినుంచి మొదటికి లెక్క కట్టండి. ఇది అన్నిటికంటే ముఖ్యం, కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను.

చాలామంది "ఎన్నింటికి బయల్దేరదాం?" అని మొదలుపెడతారు. చీకటి ఎన్నింటికి పడుతుందన్నది ముందు చూడాలి. మనం దేశానికి బాగా తూర్పున ఉండి కూడా ఢిల్లీ గడియారమే వాడుతున్నాం. డిసెంబరులో ఐదింటికే పొద్దు గూకుతుంది, వేసవిలోనూ ఆరు లోపే. చీకట్లో కొత్తచోట ఆవుని దించడమంత కష్టం ఇంకొకటి లేదు. బండిలోంచి చూస్తే దానికి నేల కనపడదు, ముందుకాళ్ళు నిగడదన్ని నిలబడిపోతుంది. కాబట్టి రాత్రి మజిలీకి సాయంత్రం నాలుగింటికల్లా చేరాలి అని రాసుకుని వెనక్కి రండి.

ఒక్క రోజులో డిగ్లీపూర్ అనుకోకండి. బస్సులు పోతాయి, నిజమే. బస్సులోని మనిషి సీట్లో కూర్చుంటాడు, ఆవు నాలుగు కాళ్ళ మీద నిలబడి ప్రతి మలుపులోనూ ఒళ్ళు బిగబట్టుకుంటుంది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి రంగత్ దాదాపు 170 కిలోమీటర్లు, మాయాబందర్ 240 దాకా. మొదటి రాత్రి రంగత్ చుట్టుపక్కల, రెండోరోజు మధ్యాహ్నానికి డిగ్లీపూర్ అన్నది నా లెక్క.

రంగత్‌కి నాలుగింటికి చేరాలంటే బారాటాంగ్‌లో పన్నెండు లోపు ఉండాలి. దానికి ముందు మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బళ్ళని సముద్రపాయ దాటించే వెసల్ వరసకి గంట వదలాలి. దానికి ముందు జారవా రిజర్వ్‌లో యాభై కిలోమీటర్ల దగ్గర దగ్గర దారి, గంటన్నరకి పైనే. అంటే ఉదయం తొమ్మిది ప్రాంతంలో జిర్కటాంగ్ నుంచి బళ్ళన్నీ గుంపుగా కదిలే కాన్వాయ్ అందుకోవాలి. మొదటి కాన్వాయ్ ఆరింటికి, చివరిది మధ్యాహ్నం మూడు ప్రాంతంలో. ఈ వేళలు మారుతుంటాయి, సరుకు బండిని ఏ కాన్వాయ్‌లో పంపుతారో కూడా ముందురోజే అడిగి రూఢి చేసుకోవాలి. తొమ్మిది కాన్వాయ్‌కి ఎనిమిదికల్లా గేటు దగ్గర వరసలో ఉండాలి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి అక్కడికి నలభై కిలోమీటర్లు దాటుతుంది, ఆవుతో గంటన్నర పెట్టుకోండి. బండెక్కించడానికి ముప్పావుగంట. పాలు పిండి, ఆవుని కాసేపు వదిలెయ్యడానికి ఇంకో గంట. చూశారా, నాలుగున్నరకి లేవాలి.

ఆరింటి కాన్వాయ్ బావుంటుంది, చల్లగా పోవచ్చు అంటారు కొందరు. ఏప్రిల్, మే ఎండల్లో అదే మేలు, ఒకటిన్నరకే లేచి పాలు పిండగలిగితే. చలికాలంలో మాత్రం ఆ కాన్వాయ్ నిండా సున్నపురాయి గుహలూ మట్టి అగ్నిపర్వతాలూ చూడబోయే టూరిస్టు బళ్ళుంటాయి. జెట్టీ దగ్గర ఆ హారన్ల మధ్య ఆవుతో నిలబడటం కంటే రెండో కాన్వాయ్ నయం.

5. బండిని టేపు పెట్టి కొలవండి. మోటారు వాహనాల నియమాల్లో పశువుకి ఎంత చోటుండాలో స్పష్టంగా రాసుంది: ఆవుకి, గేదెకి 2 చదరపు మీటర్లు, గుర్రానికి 2.25, మేకకి గొర్రెకి 0.3, పందికి 0.6. ఎనిమిదడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు ఉన్న తొట్టి అంటే నాలుగు చదరపు మీటర్లు. అందులో రెండు ఆవులు, లేదా పదమూడు మేకలు. ఇంకొకటి పడుతుందిలే అనే డ్రైవర్ మాట వినకండి. అలాగని ఒక్క ఆవుని పెద్ద లారీలో వదిలేసినా ముప్పే, మలుపు మలుపుకీ ఇటునుంచి అటు తూలి పక్కలు కొట్టుకుంటుంది. చోటు ఎక్కువైతే వెదురు బొంగులు అడ్డంగా కట్టి గదిలా చెయ్యండి. పక్క పలకలు ఆవు వీపు ఎత్తుకైనా ఉండాలి. పశువుతో పాటు వేరే సరుకు వెయ్యకూడదు. "ఎలాగూ పోతున్నారు కదా, ఈ బీరువా కూడా పెట్టండి" అనే చుట్టాలకి నియమం ఒప్పుకోదని చెప్పెయ్యండి.

6. ఇనప నేల మీద ఆవుని నిలబెట్టకండి. కొబ్బరి పీచు చాప పరచండి, అది ఇక్కడ దొరకనిదేం కాదు. దానిమీద గోనెసంచులు, పైన ఎండుగడ్డి. మూత్రం పడ్డాక గడ్డి ఒక్కటే ఉంటే జారుతుంది, కింద పీచు చాప ఉంటే గిట్ట నిలుస్తుంది. చుట్టూ పలకలకి పాత దుప్పట్లు మడిచి కట్టండి. మేకులు, విరిగిన రేకు అంచులు, తీగ ముక్కలు ఏమైనా పొడుచుకొచ్చాయేమో అరచేత్తో తడిమి చూడండి. కంటికి కనపడనిది చేతికి తగులుతుంది.

7. ముకుతాడుతో బండికి కట్టకండి. ఒక్క బ్రేకు చాలు, ముక్కు చీలిపోతుంది. మెడకి వెడల్పాటి పట్టెడ వేసి దానికి పలుపు కట్టండి. నూలు తాడో జనపనార తాడో వాడండి, నైలాన్ తాడు వద్దు. పొడవు ఎంతంటే ఆవు తల మోకాళ్ళ దాకా దించగలగాలి, కాలు మాత్రం తాడు మీదుగా దాటకూడదు. తల పైకెత్తి బిగించి కడితే గొంతులోకి పోయిన దుమ్మూ చీమిడీ బయటికి రావు. దూరం పోయిన గుర్రాలకి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకునేది ఇలా తల కిందికి దించనివ్వకపోవడం వల్లేనని గుర్రాల డాక్టర్లు చెబుతారు.

ఇక ముడి. పలుపుని కడ్డీ చుట్టూ ఒకసారి తిప్పండి. కొసతో మామూలు ముడి వేయబోతూ, కొసని మొత్తం దూర్చకుండా మధ్యకి మడిచి, ఆ మడతని మాత్రమే కంతలోంచి లాగి బిగించండి. ఆవు ఎంత లాగితే ముడి అంత గట్టిపడుతుంది, మీరు వేలాడే కొస ఒక్కటి గుంజితే మొత్తం ఊడిపోతుంది. ఆవు బండిలో పడిపోయినప్పుడు చెయ్యాల్సిన మొట్టమొదటి పని తాడు వదలడం, ఆ క్షణంలో ముడి వెతుక్కుంటూ కూర్చోలేం. ఇంట్లో గుంజకి నాలుగుసార్లు వేసి విప్పి చూసుకోండి. డ్రైవర్‌కీ నేర్పండి. అయినా క్యాబిన్‌లో ఒక పదునైన కత్తి ఉండాల్సిందే.

8. ఎక్కించడం ముందురోజే మొదలవ్వాలి. వీలైతే బండిని ముందురోజు సాయంత్రమే ఇంటికి రప్పించండి. వెనక తలుపు తీసి, ఏదైనా గట్టుకి ఆనించి నిలబెట్టండి. గట్టూ బండి నేలా ఒక ఎత్తులో ఉంటే పలకలతో పనే లేదు. గట్టు లేకపోతే మందపాటి చెక్కలు వాలుగా వేసి, జారకుండా అడ్డంగా బద్దలు కొట్టి, పైన మట్టో గడ్డో చల్లండి. ఖాళీ చెక్క కాలి కింద డబడబమంటే ఏ ఆవైనా వెనక్కి తగ్గుతుంది. రోజూ పెట్టే తౌడు గంప ఆ సాయంత్రం బండిలో పెట్టండి. తినడానికి ఎక్కిన ఆవుని కట్టెయ్యకుండా దిగనివ్వండి. తెల్లవారి మళ్ళీ అదే గంప, అదే చోటు.

తోక మెలిపెట్టడం, కర్రతో పొడవడం, నలుగురు కలిసి అరవడం వద్దు. రోజూ పాలు పిండే మనిషి ముందు నడవాలి. ఆవుకి ఆ గొంతు తెలుసు. మా వైపు ఆడవాళ్ళు "రామ్మా, రా" అంటూ ముందు నడిస్తే, గంటసేపు మగవాళ్ళు నెట్టినా కదలని ఆవు వెంట ఎక్కేస్తుంది. తల ఇంజన్ వైపుండేలా నిలబెట్టండి. దూడ ఉంటే తల్లికి కనపడేలా ముందు మూల, మధ్యలో అడ్డు కట్టి ఉంచండి. తొక్కిడి పడకూడదు, కనపడకుండానూ పోకూడదు.

9. నీళ్ళు ఇంటివే తీసుకెళ్ళండి. కొత్త ఊరి నీళ్ళని ఆవు వాసన చూసి వదిలేస్తుంది, ఎంత దాహమైనా సరే. రెండు మూడు ఇరవై లీటర్ల క్యాన్లు నింపుకోండి. దీనికో కిటుకుంది: బయల్దేరే మూడు నాలుగు రోజుల ముందునుంచీ కుడితిలో చిన్న బెల్లం ముక్కా చిటికెడు ఉప్పూ కలపడం అలవాటు చెయ్యండి. దారిలో క్యాన్ అయిపోయి వేరే నీళ్ళు పట్టాల్సి వచ్చినా బెల్లం వాసనకి తాగేస్తుంది. బయల్దేరే పూట తౌడూ దాణా తగ్గించి ఎండుగడ్డి ఎక్కువ పెట్టండి. దాణా నిండిన పొట్టతో కుదుపులకి కడుపుబ్బరం వస్తుంది. చేరాక వారానికి సరిపడా మీ గడ్డే ఒక మోపు వెంట ఉంచుకుంటే మేత మార్పు మెల్లిగా జరుగుతుంది.

10. జిర్కటాంగ్ గేటు ముందు దిగి అన్నీ మళ్ళీ చూడండి. గేటు దాటాక మిడిల్ స్ట్రెయిట్ దాకా బండి ఆపడానికి లేదు, ముందు బండిని దాటడానికి లేదు, గంటకి 40 కిలోమీటర్లు మించడానికి లేదు, ఫోటో తియ్యడానికి అసలే లేదు. ఆవు పడిపోయినా, దూడ అరిచినా నడి అడవిలో దిగి చక్కదిద్దుకుంటామంటే కుదరదు. అందుకే వరసలో ఉన్న ఆ గంటా పనికొచ్చే గంట. పలుపు ముడులు, వెనక తలుపు గొళ్ళెం, పక్క పట్టీలు, టైర్ల గాలి చూడండి. నీళ్ళు అక్కడే పట్టండి. ఆవు పేడేసి తేలికపడితే మంచిది, నేల మీద తడి గడ్డి తీసి పొడి గడ్డి వెయ్యండి.

లోపల జారవాలు రోడ్డు పక్కన కనపడొచ్చు. వాళ్ళతో మాట్లాడకూడదు, తినేదేదీ ఇవ్వకూడదు, విసరకూడదు. 1956 నాటి ఆదివాసీ తెగల రక్షణ రెగ్యులేషన్ కింద ఇది నేరం, 2012లో శిక్షలు ఇంకా కఠినం చేశారు. సుప్రీంకోర్టు 2002లోనే ఆ రోడ్డు ముక్క మూసెయ్యమంది. అది వాళ్ళ ఇల్లు, మనం వాళ్ళ ఇంటి మధ్యనుంచి పోతున్నాం. బండిలోంచి గడ్డి పరకా ప్లాస్టిక్ సంచీ ఎగిరి పడకుండా పైన వల కప్పండి. మన పశువు జబ్బు, మన చెత్త ఆ అడవికి చేరకూడదు. మిడిల్ అండమాన్‌లోనూ రిజర్వ్ పక్కనుంచి పోయే దారి ఉంది, అక్కడా ఇదే పద్ధతి.

11. వెసల్ దగ్గర తొందరపడకండి. మిడిల్ స్ట్రెయిట్ జెట్టీలో బండి ర్యాంప్ మీదుగా నేరుగా వెసల్‌లోకి ఎక్కాలి. ఆటు పోటుని బట్టి ఆ వాలు మారుతుంది, సముద్రం బాగా తగ్గినప్పుడు దిగుడు ఎక్కువ. ముందు చక్రాలు ఇనప రేకు మీద పడగానే ధనామని చప్పుడవుతుంది, బండి ముక్కు కిందికి వంగుతుంది, ఆవు బరువంతా ముందు కాళ్ళ మీదికొస్తుంది. అక్కడే మోకాళ్ళు వంగి పడే ప్రమాదం. డ్రైవర్ మొదటి గేరులో, క్లచ్ మీద ఆడించకుండా, నడిచే మనిషి వేగంతో ఎక్కించాలి. తోడొచ్చిన మనిషి ముందే దిగి బండి పక్కన నడుస్తూ ఆవుని పేరు పెట్టి పలకరిస్తుంటే అది చెవులటే పెడుతుంది, చప్పుడు వైపు కాదు.

ఎక్కాక హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో ఉంచి, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టండి. బస్సు పొగగొట్టం ఆవు మొహం వైపు ఉండే చోటొస్తే సిబ్బందిని అడిగి పక్కకి పెట్టించుకోండి, అడిగితే కాదనరు. దాటేది కొన్ని నిమిషాలే. అవతల బారాటాంగ్ నీలంబూర్ జెట్టీలో దిగేటప్పుడు ఎక్కుడు ఉంటుంది, ఇప్పుడు బరువు వెనక తలుపు మీద పడుతుంది, గొళ్ళెం ఇంకోసారి చూడండి.

బారాటాంగ్ దాటాక హంఫ్రీ జలసంధి. ఒకప్పుడు గాంధీఘాట్ దగ్గర మళ్ళీ వెసల్ ఎక్కి ఉత్తరా జెట్టీలో దిగడమే దారి. అక్కడ ఆజాద్ హింద్ ఫౌజ్ సేతు పేరుతో పొడవాటి వంతెన వచ్చింది. మీరు పోయే రోజున మీ బండిని వంతెన మీద వదులుతారా, వెసల్ ఎక్కాలా అన్నది ముందురోజు కాన్వాయ్ వేళతో పాటే కనుక్కుంటే గంట అటో ఇటో తేలిపోతుంది. మాయాబందర్ దాటి నార్త్ అండమాన్‌లోకి పోవడానికి చెంగప్ప వంతెన ఎప్పటినుంచో ఉంది. కలప కొట్టే రోజుల్లో అటవీ ఏనుగులకి ఈ బాధ లేదు, దీవికీ దీవికీ మధ్య ఈదించేవారు. హేవ్‌లాక్‌లో 2016 దాకా బతికిన రాజన్ అనే ఏనుగు ఆ కాలం నాటిదే.

12. నలభై మీద పోనివ్వకండి, రిజర్వ్ బయట కూడా. ఆవు బరువు పైన ఉంటుంది, అది కదులుతుంది, బండి మనం అనుకున్నట్టు తిరగదు. మలుపుకి ముందే వేగం తగ్గించి, మలుపులో సమంగా పోయి, దాటాకే పెంచాలి. డ్రైవర్‌కి ఎంత చెప్పినా ఎక్కకపోతే నిండు బిందె వెనక పెట్టానని చెప్పండి. మూడు గంటలకి ఒకసారి చెట్టు నీడన పావుగంట ఆపండి, ఇంజన్ కట్టేసి. ఆపినప్పుడల్లా ఆవుని దించకండి. కొత్తచోట దించి మళ్ళీ ఎక్కించే అలసట నిలబడ్డ అలసట కంటే ఎక్కువ. డీజిల్ పోర్ట్‌బ్లెయిర్‌లోనే ట్యాంకు నిండా పోయించండి, తర్వాత రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్‌లలో బంకులున్నాయి.

13. రాత్రి మజిలీ ముందే మాట్లాడి పెట్టుకోండి. లాడ్జి కంటే రంగత్‌లోనో కదమ్‌తలా వైపో పశువులున్న తెలుగు కుటుంబమో బెంగాలీ కుటుంబమో తెలిసుంటే మేలు. దించడానికి గట్టు, కట్టడానికి గుంజ, పక్కన నీళ్ళు ఉంటే చాలు. వాళ్ళ పశువులకి కాస్త దూరంగా కట్టండి, వాళ్ళ తొట్టిలో తాగించకండి. దించగానే ముందు నీళ్ళు, తర్వాత పాలు పిండటం, ఆ తర్వాతే మేత. పొద్దున్న పిండిన పన్నెండు గంటలకి పొదుగు బిగుస్తుంది, అది దాటనిస్తే వాపు మొదలవుతుంది. ఆ పాలు ఇంటివాళ్ళకిచ్చెయ్యండి, మజిలీ అద్దె తీరిపోతుంది.

14. మేకలైతే కొంచెం వేరు. కాళ్ళు కట్టి ఒకదాని మీద ఒకటి పడెయ్యడం మామూలైపోయింది కానీ అది తప్పూ, నష్టమూ. విడిగా నిలబడనివ్వండి, పైన వల వెయ్యండి. రెండు మూడు మీటర్లకి ఒక అడ్డు లేకపోతే బ్రేకు వేసినప్పుడు అన్నీ ముందుకి ఒరిగి కిందివి నలుగుతాయి. పోతుల్ని వేరే గదిలో కట్టండి. మేక వానకి ఆవుకంటే త్వరగా దగ్గు పట్టించుకుంటుంది, తడి మీద గాలి తగలనివ్వకూడదు.

15. నెల చూసుకోండి. మే చివరినుంచి సెప్టెంబరు దాకా నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం, ఏటా మూడు వేల మిల్లీమీటర్ల వాన ఇక్కడ. కొండచరియ విరిగిపడితే దారి అక్కడితో సరి, పక్కదారి అంటూ లేదు. జనవరి, ఫిబ్రవరి అన్నిటికంటే మంచి నెలలు. వానాకాలంలో తప్పనిసరైతే ఒక పూట మేతా నీళ్ళూ అదనంగా పెట్టుకోండి. టార్పాలిన్ పైనే కప్పండి, పక్కలు మూసేస్తే లోపల ఆవిరి కమ్మి ఆవు నోరు తెరిచి రొప్పుతుంది.

16. ఆవు చెప్పేది చూడండి. ఆగినప్పుడు నెమరు వేస్తుంటే బాగున్నట్టే. నోరు తెరిచి రొప్పడం, చొంగ కారడం, నాలుక బయటపెట్టడం ఎండదెబ్బ గుర్తులు: నీడకి చేర్చి, కాళ్ళ మీదా మెడ మీదా నీళ్ళు పొయ్యండి, గాలి తగలనివ్వండి. ఎడమ డొక్క ఉబ్బి డప్పులా మోగితే ఉబ్బరం, ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి ఫోన్ చెయ్యండి. ఒకవైపు కాలు మోపకపోతే గిట్ట సందు చూడండి, రాయో మేకో దిగి ఉంటుంది. పడుకున్న ఆవు లేవకపోతే కర్ర తియ్యకండి. తాడు వదలండి, కాళ్ళ కింద గడ్డి తొయ్యండి, ఊపిరి తీసుకోనివ్వండి. చాలాసార్లు దానంతటదే లేస్తుంది.

17. చేరాక మూడు వారాలు వేరుగా ఉంచండి. చెల్లెలింట్లో వేరే ఆవులుంటే దీని తొట్టీ, మేతా విడిగా ఉండాలి. జ్వరం, నోట్లో పుండ్లు, చర్మం మీద గడ్డలు కనపడితే డాక్టరుకి చూపించండి. పిడుదులు తీసెయ్యండి. మొదటి నాలుగైదు రోజులు పాలు తగ్గుతాయి, అది ప్రయాణం బడలిక. చెల్లెలు కంగారుపడి "అక్కా, నువ్వు చెప్పినన్ని పాలివ్వట్లేదే" అని ఫోన్ చేస్తుంది. తెచ్చిన గడ్డిలో రోజుకి కొంచెం చొప్పున అక్కడి గడ్డి కలుపుతూ పొమ్మనండి, వారం దాటేసరికి దారిలోకొస్తుంది.

18. బండిని కడిగాకే వెనక్కి పంపండి. తడి గడ్డీ పేడా గుంటలో వేసి, తొట్టిని నీళ్ళతో కడిగి, బ్లీచింగ్ పౌడర్ చల్లి ఎండనివ్వండి. ఆ బండే మర్నాడు డిగ్లీపూర్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి కూరగాయలు వేసుకెళ్తుంది. మిడిల్ స్ట్రెయిట్ నుంచి తిరుగు కాన్వాయ్ వేళలు వేరు, చివరిది తప్పితే డ్రైవర్ ఆ రాత్రి బారాటాంగ్‌లోనే పడుకోవాలి. ఆ పూట భోజనం, బస ఖర్చు ఎవరిదో బేరమాడేటప్పుడే తేల్చుకోండి.